కాగిన నూనె ఏ ఇంజిన్‌లో పోయాలి?

డీజిల్‌లో 2030 నాటికి 5 శాతం బయోడీజిల్, అంటే వాడేసిన వంటనూనెలాంటి నూనెల నుంచి చేసే ఇంధనం, కలపాలని 2018లో వచ్చిన జాతీయ జీవ ఇంధన విధానం చెబుతుంది. ఇన్నేళ్లయినా దేశం మొత్తం మీద కలుస్తున్నది ఒక శాతం కూడా లేదు. ఈ సంగతి బయటికొచ్చినప్పుడల్లా 'లక్ష్యానికి ఆమడ దూరం' అని పేపర్లు వాపోతాయి. నాకు మాత్రం ఆ లక్ష్యం పెట్టుకున్న తీరే నచ్చదు. దొరికే కాస్త బయోడీజిల్‌ని దేశంలో ఉన్న ప్రతి బంకుకీ చిటికెడు చొప్పున పంచితే ఎవరి ఊపిరితిత్తులకీ తేడా తెలియదు. పొగను ఆపే ఫిల్టరంటూ లేని పాత ఇంజిన్లకే దాన్ని పొయ్యాలి, అదీ మనుషుల మధ్య నడిచేవాటికి. బెంగళూరులో అలాంటివాటి కోసం వెతుక్కునే పనిలేదు. అపార్ట్‌మెంట్ల వెనక షెడ్లలో జనరేటర్లున్నాయి. వర్తూరు, సర్జాపుర వైపు పొద్దస్తమానం తిరిగే నీళ్ల ట్యాంకర్లున్నాయి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చి రాత్రంతా బండను తొలిచే బోరు బండ్లున్నాయి.

మాది వైట్‌ఫీల్డ్ వైపు. మా అసోసియేషన్ కమిటీలో డీజీ పద్దు నా నెత్తిన పడింది కాబట్టి ఈ గొడవంతా తలకెక్కించుకున్నాను. డీజీ అంటే జనరేటరే. ఇక్కడ కన్నడిగులూ తెలుగువాళ్లూ తమిళులూ అందరూ దాన్ని అలాగే అంటారు.

అసలు మసి ఎందుకొస్తుందో ముందు చూద్దాం. పెట్రోల్ ఇంజిన్‌లో గాలీ ఇంధనమూ ముందే కలిసిపోయి ఉంటాయి, స్పార్క్ పడగానే అంటుకుంటాయి. డీజిల్ ఇంజిన్ గాలిని మాత్రమే లోపలికి తీసుకుని గట్టిగా అదుముతుంది. అదిమేసరికి గాలి బాగా వేడెక్కుతుంది. అందులోకి ఇంజెక్టర్ డీజిల్‌ని సన్నటి తుంపరగా చిమ్ముతుంది. తుంపర అంచుల్లో ఉన్న డీజిల్‌కి గాలి అందుతుంది, నడిమధ్యలో ఉన్నదానికి అందదు. గాలి అందని ఆ డీజిల్ పూర్తిగా మండకుండా, వేడికి ముక్కలై, కర్బన రేణువులుగా మారుతుంది. ఆ రేణువుల్లో చాలా భాగం మరుక్షణం సిలిండర్‌లోనే కాలిపోతుంది. మిగిలిందే గొట్టంలోంచి మన బాల్కనీలోకి వచ్చేది. క్యాన్సర్ మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2012 జూన్‌లో డీజిల్ పొగను గ్రూప్ 1లో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి జాబితాలో, చేర్చింది. పొగాకూ ఆస్బెస్టాసూ ఉన్నది కూడా ఆ గ్రూపులోనే.

బయోడీజిల్ ఇక్కడ చేసే మేలు సూటిగా రసాయన శాస్త్రం నుంచి వస్తుంది. నూనెనో కొవ్వునో మిథనాల్‌తో, కాస్త క్షారం ఉత్ప్రేరకంగా చర్య జరిపిస్తే రెండు పొరలుగా విడిపోతుంది. కింద గ్లిజరిన్ దిగుతుంది, పైన తేలేది బయోడీజిల్. ఈ బయోడీజిల్ బరువులో దాదాపు 11 శాతం ఆక్సిజనే. అంటే తుంపర నడిమధ్యలో గాలి అందని చోటికి కూడా ఇంధనం తన ఆక్సిజన్‌ని తానే మోసుకుపోతుంది. మసికి బీజం వేసే ఆరోమాటిక్ వలయాలు, అంటే ఉంగరంలా ముడిపడిన కర్బన అణువులు, ఇందులో లేవు. గంధకం కూడా దాదాపు లేనట్టే. పచ్చి నూనెను నేరుగా పోసినా ఇంజిన్ నడుస్తుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ని వేరుశనగ నూనెతోనే నడిపించారు, ఆ ముచ్చట రుడాల్ఫ్ డీజిలే స్వయంగా రాసుకున్నాడు. కానీ నూనె చిక్కన. ఇంజెక్టర్ నాజిళ్ల దగ్గర గడ్డకట్టి పెంకులు కడుతుంది. అందుకే ఈ మిథనాల్ తంతు.

ఇక ఎంత తగ్గుతుందన్నది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి లెక్క తీసింది. 20 శాతం బయోడీజిల్ కలిపిన ఇంధనంతో, అంటే బీ20తో, రేణువులు దాదాపు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మరో రకం హానికర వాయువులు మాత్రం 2 శాతం పెరిగాయి. పూర్తిగా బయోడీజిలే పోస్తే రేణువులు 47 శాతం తగ్గుతాయి, నైట్రోజన్ ఆక్సైడ్లు 10 శాతం పెరుగుతాయి. ఆ లెక్క చాలావరకు ఫిల్టర్లు రాకముందు నాటి ట్రక్కు ఇంజిన్ల మీద తీసింది. మా షెడ్లో ఉన్నదీ ఆ తరహా ఇంజినే.

పది శాతమేనా అని మా కమిటీలో ఒకాయన పెదవి విరిచారు. అవును, పదే. బయోడీజిల్ పోయగానే గొట్టంలోంచి సాంబ్రాణి ధూపం వస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఇంతోటి పది శాతం కోసం ఎందుకీ హైరానా అంటే, నా జవాబు సగం ఊపిరితిత్తుల్లో ఉంది, సగం పొట్టలో ఉంది. పొట్ట సంగతి కాసేపాగి చెబుతాను.

ముందు ఆ నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి. మంట మరీ వేడెక్కితే, సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటాక, గాలిలో తన మానాన తానుండే నైట్రోజన్ కూడా ఆక్సిజన్‌తో కలవడం మొదలుపెడుతుంది. బయోడీజిల్‌తో ఇది కాస్త ఎక్కువవడానికి ఒక కారణం పంపులోనే ఉంది. పాత మెకానికల్ పంపుల్లో ఇంధనం ఎంత తక్కువగా నలిగితే, అంటే నొక్కినప్పుడు కుంచించుకుపోతే, ఒత్తిడి అంత త్వరగా నాజిల్‌కి చేరుతుంది. బయోడీజిల్ డీజిల్ కంటే తక్కువ నలుగుతుంది కాబట్టి తుంపర ఒక వెంట్రుకవాసి ముందే పడుతుంది. ముందే అంటుకున్న మంట మరింత వేడెక్కుతుంది. దీనికి మందు కూడా అదే పంపు దగ్గరుంది. తెలిసిన మెకానిక్ ఇంధనం చిమ్మే టైమింగ్‌ని డిగ్రీయో రెండు డిగ్రీలో వెనక్కి జరిపితే పెరిగింది చాలావరకు దిగొస్తుంది, బదులుగా మైలేజీ కొంచెం పోతుంది. జనరేటర్ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి, గేర్లు మారుస్తూ పరిగెత్తే లారీ కంటే దాన్ని ఇలా సరిచేసుకోవడం తేలిక.

ఇప్పుడు కొత్త బండ్లను చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్ అనే పొగ నిబంధనల్లో ఆరో అంచె) బండ్లకి 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది పాళ్లు, మించని గంధకం ఉన్న డీజిల్, పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, పెద్ద బండ్లకైతే యూరియా ద్రావణం చిమ్మి నైట్రోజన్ ఆక్సైడ్లని విరిచే ఏర్పాటు అన్నీ ఉన్నాయి. లారీ ఇంజిన్లకి బీఎస్-4లో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోవాట్ అవర్‌కి 3.5 గ్రాములుండేది, బీఎస్-6లో అది 0.46కి దిగింది. ఇలాంటి బండిలో మసి ఎలాగూ ఫిల్టర్లోనే ఆగిపోతుంది. అక్కడ బయోడీజిల్ చేసే అదనపు మేలు గొట్టం చివర కనపడదు. పైగా ఒక తిరకాసు ఉంది. ఫిల్టర్లో పేరుకున్న మసిని కాల్చేయడానికి కొన్ని ఇంజిన్లు మామూలు సమయం దాటాక కాస్త ఇంధనాన్ని అదనంగా చిమ్ముతాయి. అందులో కొంత సిలిండర్ గోడల వెంబడి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డీజిలైతే వేడికి కొంత ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే వేడి ఎక్కువ, అది ఆయిల్‌లోనే తిష్ఠ వేసి దాన్ని పల్చన చేస్తుంది. మన డీజిల్ ప్రమాణం బయోడీజిల్‌కి 7 శాతం దాకా చోటిచ్చింది, యూరప్‌లోనూ అంతే. ఆ మోతాదులో కొత్త బండ్లకి ఇబ్బంది లేదు, ప్రయోజనం కూడా అంతంతమాత్రమే.

సరుకు ఎంతుందో చూస్తే నా వాదన ఇంకా గట్టిపడుతుంది. దేశం ఏడాదికి తాగే డీజిల్ సుమారు 9 కోట్ల టన్నులు. అందులో 5 శాతమంటే 45 లక్షల టన్నులు. మనం తినే వంటనూనె మొత్తం కలిపినా రెండున్నర కోట్ల టన్నుల లోపు, అందులోనూ సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా తన డీజిల్‌లో 40 శాతం పామాయిల్ డీజిల్ కలుపుతోందంటే వాళ్ల తోటలు వాళ్లకున్నాయి. ఆ తోటల కోసం ఎంత అడవి పోయిందో వేరే చర్చ. మనం తినే నూనెనే బయటినుంచి కొనుక్కుంటూ, కొత్త నూనెని ఇంజిన్లో పోయడమంటే తెలివితక్కువ పని.

తినని నూనెతో చేద్దామని 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫా మంత్రం అందుకుంది. 2011-12 నాటికి 20 శాతం కలిపేస్తామన్నారు. మా అనంతపురం వైపు దాన్ని అడవి ఆముదం అంటారు, పశువులు ముట్టవు కాబట్టి గట్ల మీద కంచెగా వేస్తారు. బీడు భూమిలో, నీళ్లు లేకుండా, బంగారం పండుతుందని రైతులకి చెప్పారు. నీళ్లు లేకపోతే అడవి ఆముదం చావదు, నిజమే. కానీ కాయదు కూడా. మొక్క బతకడం వేరు, కాపు రావడం వేరని మెట్ట సేద్యం చేసిన ఏ ముసలాయన్ని అడిగినా చెప్పేవాడు. అడిగినవాళ్లు లేరు.

కానుగ కథ దీనికంటే మర్యాదగా నడిచింది. కానుగ మనకి కొత్త చెట్టు కాదు. రొట్ట మళ్లలో తొక్కించాం, పుల్లతో పళ్లు తోముకున్నాం, నూనె దీపాల్లో పోశాం. బెంగళూరు వీధుల్లో హొంగె పేరుతో నీడనిచ్చేది ఇదే. గింజలో మూడో వంతు దాకా నూనె ఉంటుంది. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసర్ ఉడుపి శ్రీనివాస కానుగ నూనెతోనే జనరేటర్లు తిప్పించి, కగ్గనహళ్లి అనే ఊళ్లో పొలాలకి నీళ్లు తోడించారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆదివాసీ మహిళల సంఘం కానుగ నాటి, గింజలాడించింది. ఆ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి లెక్కగట్టి 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకి 645 డాలర్లు చెల్లించింది. హాసన్ దగ్గర మడెనూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల బయోఫ్యూయెల్ పార్కుంది. వీటన్నిటిలో నాకు కనిపించేది ఒకటే. గింజ ఏరిన చోటే నూనె తీసి, ఆ దగ్గర్లోనే ఇంజిన్లో పోసినంత కాలం పని జరిగింది. దాన్ని లక్షల టన్నుల జాతీయ లెక్కలోకి లాగినప్పుడల్లా కాగితాల మీదే ఉండిపోయింది.

బెంగళూరు దగ్గర కానుగ తోపులకి భూమెక్కడుంది? ఇక్కడ పండేది వేరే పంట, కాగిన నూనె. వీధికో దర్శిని (నిలబడి తినే టిఫిన్ హోటల్), సందుకో ఆంధ్రా మెస్సు, చిప్స్ అంగళ్లు, ఐటీ కంపెనీల క్యాంటీన్లు, పెళ్లి వంటలు. నూనె పదే పదే కాగితే అది విరిగి, పోలార్ పదార్థాలనేవి పుట్టి అందులో పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెని వంటకి వాడకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. ఆ ఏడాదే వాడిన వంటనూనెని బయోడీజిల్‌కి మళ్లించే రూకో పథకం తెచ్చింది. రోజుకి 50 లీటర్ల పైన నూనెలో వేయించేవాళ్లు లెక్కలు రాసి, గుర్తింపున్న సేకరణదారులకే ఆ నూనె ఇవ్వాలి.

యాభై లీటర్ల లోపు వాళ్ల సంగతి? మా రోడ్డు మీదున్న ఒక మెస్సు యజమానిని అడిగాను, నెల్లూరాయన. డబ్బాల కోసం సాయంత్రం బైకు మీద ఒకతను వస్తాడట. ఎవరికిస్తాడు అని అడిగితే, "నాకెందుకండీ, డబ్బులిస్తాడు, డబ్బాలు పట్టుకుపోతాడు" అన్నారు. ఆ నూనె బయోడీజిల్ కర్మాగారానికి వెళ్లొచ్చు, సబ్బు చేసేవాళ్లకి వెళ్లొచ్చు, చవగ్గా దొరుకుతుంది కదాని ఇంకో వీధిలో మిరపకాయ బజ్జీల బాణలిలోకీ రావచ్చు. నేను పొట్ట అన్నది ఇందుకే. ఆ నూనె లీటరు జనరేటర్లోకి పోయిందంటే మసి కొంచెం తగ్గడమే కాదు, అది మళ్లీ బాణలి ఎక్కే దారి మూసుకుపోతుంది. పది శాతం పొగ లెక్క పక్కన ఈ లెక్క కూడా పెట్టి చూడమంటాను.

ఇళ్ల దగ్గర నుంచి నూనె సేకరిద్దామని మా వాట్సాప్ గ్రూపులో ఉత్సాహపడ్డవాళ్లున్నారు. మంచిదే గానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మనిళ్లలో బూరెలు వేయించిన నూనె మర్నాడు పోపులోకి, ఆ తర్వాత దోసెల పెనం మీదికి పోతుందే తప్ప డబ్బాలో మిగలదు. మిగిలినా అందులో పిండి, ఉప్పు, నీళ్లు కలిసి ఉంటాయి. సరుకంతా హోటళ్ల దగ్గరే.

ఇథనాల్‌ని పెట్రోల్లో కలిపినట్టే డీజిల్లోనూ కలిపేయొచ్చుగా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అంత సులువు కాదు. డీజిల్ ఇంజిన్‌కి కావాల్సింది నొక్కగానే అంటుకునే గుణం, ఇథనాల్‌కి అది బొత్తిగా తక్కువ. చుక్క నీరు తగిలితే డీజిల్ నుంచి విడిపోతుంది, పైగా కలిపిన ట్యాంకు పెట్రోల్ ట్యాంకంత ప్రమాదకరమవుతుంది. ఐసోబ్యుటనాల్‌తో ప్రయత్నాలు నడుస్తున్నాయి, చూద్దాం. హైడ్రోజన్‌తో శుద్ధి చేసి నూనెల నుంచి తీసే రెన్యువబుల్ డీజిల్ అన్నిటికంటే మెరుగైంది. దానికి నిల్వ సమస్య తక్కువ, నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరగవు. కానీ దాన్ని చేయడానికి రిఫైనరీ కావాలి, దానికీ ముడిసరుకు ఈ నూనెలే.

మా డీజీ ఆపరేటర్‌ది మదనపల్లె. నేను చదివిన కాగితాలన్నిటికంటే అతను లేవనెత్తిన అభ్యంతరాలే గట్టివి. "నూనె పోస్తే ఫిల్టరు పట్టేస్తాది సార్, నడిరాత్రి కరెంటు పోయి లిఫ్టులో ఎవురన్నా ఇరుక్కుంటే తిట్లు తినేది నేను" అన్నాడు. అతను చెప్పింది నిజం. బయోడీజిల్‌కి కడిగే గుణం ఉంది. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డినంతా కదిలించి తెచ్చి, ఇంధనాన్ని వడకట్టే ఫిల్టర్లో పెడుతుంది. మొదట్లో ఒకటి రెండు ఫిల్టర్లు పోవడం ఖాయం. పాత రబ్బరు పైపులు ఉబ్బి కారొచ్చు, వాటిని ముందే మార్చాలి. అతను చెప్పని ఇంకో చిక్కుంది, అది వీటికంటే పెద్దది. బయోడీజిల్ నిల్వకి ఆగదు. గాలి తగిలి పులుస్తుంది, తేమ పీల్చుకుంటుంది, ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి పాచి కడుతుంది. ఆరు నెలల లోపు వాడేయడం మంచిది. కరెంటు కోతలు తగ్గిన అపార్ట్‌మెంట్లలో డీజీ నెలకి కాసేపే నడుస్తుంది, ట్యాంకులో పోసింది నెలల తరబడి అలాగే ఉంటుంది. అలాంటి చోట బీ20 పోయడం దండగ. నా వాదన మా షెడ్డుకే ఎదురు తిరిగిందని కమిటీలో నవ్వారు. నవ్వనివ్వండి. బీ20కి మా డీజీ కంటే రోజూ ట్యాంకు ఖాళీ చేసే నీళ్ల ట్యాంకరూ, బోరు బండీ, కరెంటు లైను ఇంకా రాని కట్టుబడి సైట్లలో పగలంతా నడిచే జనరేటరూ తగినవి. ఊరవతల లేఅవుట్లలో ఇప్పటికీ గంటల తరబడి కోతలుంటాయి, అక్కడి డీజీలూ ఈ లెక్కలోకొస్తాయి.

ఇంకో భయం కల్తీ. బయోడీజిల్ పేరు పెట్టి ఏవో పారిశ్రామిక నూనెలు కలిపి చవగ్గా అమ్మేవాళ్లు దేశంలో చాలా చోట్ల పట్టుబడ్డారు. ఐఎస్ 15607 ప్రమాణానికి సరిపోయిందని పరీక్ష కాగితం చూపించని సరుకు ఎంత చవగ్గా వచ్చినా ముట్టకూడదు. అందులో మిథనాల్ మిగిలిపోయినా, గ్లిజరిన్ సరిగ్గా కడగకపోయినా నాజిళ్లూ పంపూ పోతాయి, ఆ తర్వాత పొగ మామూలు డీజిల్ కంటే నల్లగా వస్తుంది.

ఇవన్నీ ఎందుకు, పాత జనరేటర్ తీసేసి కొత్తది కొనొచ్చుగా, లేదా బ్యాటరీ పెట్టొచ్చుగా అనేవాళ్లకి నా దగ్గర అడ్డు సమాధానం లేదు. డబ్బుంటే అదే చేయండి. 2024 జూలై నుంచి కొత్తగా అమ్మే జనరేటర్లకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సీపీసీబీ 4 ప్లస్ నిబంధనలున్నాయి, వాటి పొగ పాతవాటిలో చిన్న వంతు. పాతదాని గొట్టానికి తగిలించే ఫిల్టర్ పరికరం కూడా బీ20 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మసిని ఆపుతుంది. మా అపార్ట్‌మెంట్‌కి నేను చివరికి సిఫారసు చేసింది కూడా లిఫ్టులకీ నీళ్ల మోటార్లకీ బ్యాటరీ, మిగతాదానికి ఫిల్టరే. నగర బస్సుల సంస్థ బీఎంటీసీకి ఇప్పుడు వెయ్యికి పైగా కరెంటు బస్సులున్నాయి, అదీ మంచిదే. కానీ డీజిల్ ఇంజిన్‌కి చావు తొందరగా రాదు. బీఎస్-3 లారీని నగరం వద్దంటే అది నీళ్ల ట్యాంకరవుతుంది. అదీ పనికిరాదంటే దాని ఇంజిన్‌ని విప్పి ఎక్కడో కంప్రెసర్‌కి బిగిస్తారు. బండి ఓనర్‌కి ఫిల్టర్ పరికరం కొనే స్తోమత ఉండదు, ఉన్నా కొనమని అడిగేవాడు లేడు. ఆ ఇంజిన్ బతికినన్నాళ్లూ దానిలో ఏం పోస్తారన్నదే మన చేతిలో ఉంది.

కాబట్టి నేను అడిగేది దేశమంతటికీ 5 శాతం కాదు. మహదేవపుర వైపు ట్యాంకర్లు రోజూ నీళ్లు నింపుకునే చోట్ల దగ్గర్లో ఒక్క డిపో పెట్టి, ఈ చుట్టుపక్కల హోటళ్ల నూనెతో చేసిన బీ20ని వాటికి అమ్మితే చాలు. యాభై లీటర్ల లోపు అంగళ్ల నూనెని కూడా అధికారికంగా కొనే మనిషి ఉండాలి, బైకు మీద వచ్చేవాడి కంటే రూపాయి ఎక్కువిచ్చి. ధర డీజిల్ కంటే తక్కువ ఉండాలి, ఎందుకంటే బీ20లో శక్తి ఒకటి రెండు శాతం తక్కువ, ట్యాంకర్ ఓనర్ ఆ తేడాని మొదటి వారంలోనే కనిపెట్టేస్తాడు. మా ఆపరేటర్ తమ్ముడు ఒక ట్యాంకర్ నడుపుతాడు. అతన్నడిగితే, లీటరు మీద మూడు రూపాయలు మిగిలి, మొదటి రెండు ఫిల్టర్లు డిపో వాళ్లే ఇస్తే రేపటి నుంచే పోస్తానన్నాడు.